ప్రోక్షణతో సీసం పోదు

ఏ అర్చన ప్రారంభించినా ముందుగా ఆచమనం, పిదప పాత్రశుద్ధి, పూజాద్రవ్యాల సంప్రోక్షణ జరుగుతాయి. స్వామి సన్నిధికి చేరే ప్రతి వస్తువూ నిర్మలమై ఉండాలన్నదే ఇందలి ఆంతర్యం. అయితే ద్రవ్యంలోనే విషముంటే మంత్రజలం చల్లినంత మాత్రాన అది తొలగదు. నేడు కుంకుమ, సిందూరాల విషయంలో మనం ఆలోచించవలసినది ఇదే.

రసశాస్త్రంలో సీసానికి 'నాగం' అని పేరు. సంప్రదాయంగా వాడే నారింజరంగు సిందూరం సీసపు ఆక్సైడే. కుంకుమ అలా కాదు. పసుపుకు నిమ్మరసం, వెలిగారం, పటిక పట్టించి చేసేదే అసలైన కుంకుమ. ఇప్పుడు అంగడిలో రెండూ ఎర్రని పొడులుగా పక్కపక్కనే ఉంటున్నాయి. 2017లో రట్గర్స్ విశ్వవిద్యాలయం వారు న్యూజెర్సీ, ముంబై, ఢిల్లీ దుకాణాలలోని 118 సిందూరం నమూనాలను పరీక్షించగా, పదింట సుమారు ఎనిమిదింటిలో సీసం కనిపించింది. మాదాపూర్‌లో కొలువు చేస్తూ శుద్ధజలం కొని త్రాగే కుటుంబం కూడా కుంకుమ పొట్లంలో ఏమున్నదని అడగదు. విదేశాలలోని బిడ్డలకూ దానినే పంపుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలో తేలింది. అనుమానం తరువాత పురుగుమందుల వైపు కూడా మళ్లింది. సాధారణంగా సీసం అంత కలకలం రేపదు. శరీరం దానిని కాల్షియమని భ్రమించి ఎముకలలో ఏళ్ల తరబడి దాచుకుంటుంది. పెద్దలలో రక్తపోటు పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గర్భిణి ఎముకల నుండి తిరిగి రక్తంలోకి వచ్చి శిశువును చేరుతుంది. దీనికి సురక్షిత పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఈ సీసం చర్మం గుండా లోనికి పోయేది స్వల్పం. వ్రేలికి అంటిన పొడి ప్రసాదంతో పాటు నోటిలోకి పోవడమే అసలు ప్రమాదం. ఖాళీ కడుపున సీసం మరింతగా ఒంటికి పడుతుంది. కనుక ఉపవాస దినాలలో చేయి కడుగుకొనిన పిదపనే ప్రసాదం స్వీకరించాలి. ఇనుము, కాల్షియం కొరవడినవారిలోనూ అంతే. నువ్వులు, రాగులు, ఆకుకూరలు మన వంటింటి రక్షలు.

ఆంజనేయునికి సిందూరసేవ తరతరాల ఆచారం కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. విగ్రహానికి జరిగే సేవ వేరు, భక్తుని చేతికిచ్చే పొడి వేరు. చేతికిచ్చేది పసుపుతో చేసినదే కావాలి. దేవస్థానాలు సీస పరీక్ష పత్రం చూపనివారి వద్ద కుంకుమ కొనరాదు. దినమంతా ఆ పొడిని తాకేది అర్చకులే గనుక ఆ మాట మొదట మేమే అడగాలి.