జ్ఞాపకానికి ఇంటి నంబరు

బ్రాడీపేటలో ఎవరిల్లయినా కనుక్కోవాలంటే పేట పేరొక్కటీ చాలదు. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని ఆటో అతను అడుగుతాడు. అవి చెప్పినా ఇంటి నంబరు తెలియకపోతే గుమ్మం గుమ్మం తొంగి చూసుకుంటూ పోవలసిందే. మన జ్ఞాపకాలకు కూడా ఇలాంటి చిరునామాలే ఉన్నాయంటే నమ్ముతారా?

"మేం చదువుకునే రోజులు" అన్నామనుకోండి, అది పేట. "సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాళ్ళం" అంటే లైను. "ఒకనాడు పత్తి మూటల మీంచి జారిపడితే తాతయ్య నన్నెత్తుకుని ఒకటే నవ్వాడు" అంటే, అదీ ఇంటి నంబరు. మనసు చాలాసార్లు ఇలా పైనుంచి మెట్టుమెట్టుగా దిగి, చివరికి ఆ ఒక్క రోజు తలుపు తడుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు.

డిప్రెషన్ వచ్చిన మనిషి ఈ దారిలో లైను దగ్గరే ఆగిపోతూ ఉంటారు. ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు 1986లో ఈ సంగతి బయటపెట్టారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడ్డవారికి ఒక్కొక్క మాట ఇచ్చి, దానికి తగిన ఒక్క సంఘటన చెప్పమన్నారు. "సంతోషం" లాంటి మాట ఇస్తే, ఫలానా రోజున ఫలానాది జరిగిందని చెప్పడానికి బదులు, "ఇలా ఉన్నప్పుడు బాగుండేది" అన్న తీరు జవాబులే ఎక్కువగా వచ్చాయి. డిప్రెషన్ రోగులలోనూ ఇదే కనబడిందని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ఎందుకిలా అవుతుంది? వెతుక్కుంటూ బయలుదేరిన మనసును "నేనెందుకూ పనికిరాను" అనే ఆలోచన దారిలోనే పట్టేసుకుంటుంది. నొప్పించే సంగతుల దగ్గరికి పోకుండా తప్పుకోవడం అలవాటై, మంచి సంగతుల తలుపులు కూడా మూసుకుపోవచ్చు. పైగా వెతకడానికి కావలసిన ఓపిక ఆ జబ్బులో తగ్గిపోతుంది.

ఇదంతా శాస్త్రజ్ఞుల గొడవే అనుకోకండి, మన ఇళ్ళలోకి వచ్చే సంగతే. నెలల తరబడి దిగులుగా ఉన్న తల్లితో కూతురు, "అన్నయ్య పెళ్ళిలో ఎంత సంబరపడ్డావో గుర్తుందా అమ్మా?" అంటుంది. "నేనెప్పుడు సుఖపడ్డానే? బతుకంతా చాకిరీయేగా" అంటుంది తల్లి. పిల్లల మనసు చివుక్కుమంటుంది. "ఇన్నేళ్ళూ మేం చేసిందంతా ఏమైపోయింది?" అని ఎదురు తిరుగుతారు. ఆవిడ ఇంకా ముడుచుకుపోతుంది.

ఆవిడది విశ్వాసం లేకపోవడం కాదు. ఆ సంబరం ఎక్కడికీ పోలేదు. ఆవిడకు దారి దొరకడం లేదు, అంతే. 1982లో క్లార్క్, టీస్‌డేల్ అనేవారు, పగలంతా ఒకే తీరుగా ఉండక దిగులు హెచ్చుతగ్గులయ్యే రోగులను గమనించారు. దిగులు తగ్గిన వేళ, అదే మనిషికి సంతోషపు జ్ఞాపకాలు ఎక్కువగా అందాయి. ఒక్క రోజులోనే ఇంత తేడా ఉంటే, ఆ జ్ఞాపకాలు చెరిగిపోయాయని ఎలా అనగలం?

అంచేత "నీకేం తక్కువ?" అని వాదించకండి. చిన్న ప్రశ్న వేయండి. "ఆ రోజు నువ్వే చీర కట్టుకున్నావు? పక్కన ఎవరు కూర్చున్నారు?" గుర్తు రాకపోతే వదిలేయండి, పరీక్ష పెట్టినట్లు అడక్కండి. సంఘటనలను ఇలా వివరంగా గుర్తు తెచ్చుకోవడం నేర్పే శిక్షణ కూడా ఒకటుంది. యుద్ధంలో తండ్రులను పోగొట్టుకుని ఇరాన్ చేరిన అఫ్గాన్ పిల్లలకు దాన్ని నేర్పితే, రెండు నెలల తరువాత వారి దిగులు తగ్గినట్లు 2013లో ప్రచురించారు. అయితే అది వైద్యానికి బదులు కాదు సుమండీ.

రెండు వారాలు దాటినా దిగులు వదలక, తిండీ నిద్రా చెడితే వైద్యునికి చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారికి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట నోట వస్తే మాత్రం మర్నాటిదాకా ఆగకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

"నాకు సుఖమన్నదే లేదు" అన్న మాటను తీర్పుగా తీసుకోకండి. జ్వరం వచ్చినవాడు అన్నం చేదుగా ఉందంటే, వండినవారిని తప్పుపట్టినట్లా?