అదబ్ వేరు, అదా వేరు

మేనరిజం అంటే మనవాళ్ళకు వెంటనే యాదికొచ్చేది రజినీకాంత్ సిగరెట్ ఎగరేయడం. ఖైర్, దానివల్ల ఎవరికీ నుక్సాన్ లేదు. నా ఫిర్యాదు మన ఇళ్ళల్లో తెహజీబ్ పేరు పెట్టుకుని తిరుగుతున్న మేనరిజం మీద.

ఈ మాటకు మూలం ఇటాలియన్ 'మానియేరా'. మన భాషలో తర్జ్. 1520లో రఫాయెల్ పోయాక అక్కడి చిత్రకారులు కొందరు మనిషిని చూసి గీయడం మాని, మైకెలాంజిలో గీసిన మనిషిని చూసి గీశారని తర్వాతి విమర్శకులు తిట్టిపోశారు. పార్మిజానీనో గీసిన బీబీ మర్యం మెడ హంస మెడలా పొడుగ్గా ఉంటుంది. అది ఖూబ్‌సూరత్ కాదని నేననను. అసలు మెడ ఎంతుంటుందో తెలిసే ఆయన సాగదీశాడు. నకల్ చేసేవాడికి మాత్రం సాగదీయడం ఒక్కటే వచ్చు.

మొన్న బోధన్‌లో మా దూరపు చుట్టాలమ్మాయి రిష్తా తప్పిపోయింది. పిల్ల బీఈడీ చదువుతోంది, సాయంత్రం గల్లీ పిల్లలకు ఖుర్ఆన్ చెప్తుంది. చూడ్డానికి వచ్చిన ఖాలా ఇంకో మిఠాయి తినమంటే "నక్కో ఖాలాజాన్, బస్" అంది. అంతే. "లహజా సాఫ్ లేదు, గావ్‌వాలీ బాత్" అని కబురు. ఆ ఖాలా 'సాఫ్' ఉర్దూ ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు, టీవీ సీరియళ్ళల్లో. మాటకు ముందు చెయ్యి నుదుటి దాకా లేస్తుంది, పనిమనిషిని పిలిచేటప్పుడు మాత్రం అదే నోట్లోంచి "ఏ!" అని వస్తుంది. దీన్ని అదబ్ అంటారా? అదబ్ అంటే అవతలి మనిషి దిల్ నొప్పించకపోవడం అని మా నానీ చెప్పేది. ఆమెకు 'తష్రీఫ్' అనే మాట తెలీదు. ఇంటికొచ్చిన చెరుకు కూలీకి ముందు నీళ్ళిచ్చి తర్వాత పేరడిగేది.

ఇంతకీ 'నక్కో'లో తప్పేముంది? మంజీర దాటితే మరాఠీ, అందులో 'నకో'. 1931లో నిజాంసాగర్ కట్టాక కోస్తా రైతులొచ్చారు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి నలుదిక్కులా మనుషులొచ్చారు. బండి తూకం దగ్గర, గన్నా కోసే చేలల్లో పక్కపక్కన నిలబడి చెమటోడ్చిన జబాన్ మనది. ఇది బిగ్‌డీ హుయీ ఉర్దూ అనేవాళ్ళు తవారీఖ్ చదవాలి. 1612లో పోయిన కులీ కుతుబ్ షా దఖనీలోనే దివాన్ రాశాడు. ఢిల్లీ శాయర్లకు ఈ జబాన్‌లో గజల్ చెప్పే హౌసలా ఇచ్చింది దక్కన్ నుంచి పోయిన వలీ దివాన్. ఇప్పుడు చెప్పండి, ఎవరిది నకల్?

సినిమావాళ్ళదీ ఇదే పని. 1965లో 'గుమ్‌నామ్'లో మహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వించాడు. ఆయన చెవి పెట్టి విన్నాడు, అందుకే ఆ మనిషి బతికున్నట్టుంటాడు. తర్వాతి తెలుగు సినిమాల్లో ఎంతమంది విన్నారు? కంట్లో సుర్మా, మెడలో తావీజ్, "నీకీ నాకీ" అనే తెలుగు, ముసల్మాన్ తయార్. నిజామాబాద్ అహ్మదీ బజార్లో కూరగాయలు అమ్మే మన ఆడవాళ్ళు మాట్లాడే తెలుగు ఆ డైలాగ్ రైటర్ కంటే సాఫ్.

వాళ్ళను అనేసి మనవాళ్ళను వదిలితే నాఇన్సాఫీ. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు ఆ ఉర్దూ మాటలు వేరే దారి లేక వచ్చాయి. అమ్మీని 'తల్లి' అని రాస్తే ఆ ఇంటి వాసన పోతుంది కాబట్టి. ఇప్పుడొచ్చే కథలు కొన్ని చూడండి. తెలుగు వాక్యం రాసేసి, పైన అత్తరు చల్లినట్టు నాలుగు 'ఇన్షా అల్లా'లు, ఒక దస్తర్‌ఖాన్, బుర్ఖా తీసేసే ముగింపు. ఇంటి కిరాయి, కూతురి ఫీజు, అమ్మీ షుగర్ గోలీలు ఏ కథలోకీ రావు. ముషాయిరాల్లోనూ అంతే, షేర్‌లో దమ్ లేకపోతే శాయర్ గొంతు పెంచుతాడు, ముందు వరసలో దోస్తులు వాహ్వా అంటారు.

దాశరథి నిజాం హుకూమత్‌కు ఎదురు తిరిగి మన ఇందూరు జైల్లో ఉన్నాడు. తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. తనను జైల్లో పెట్టిన సర్కారు జబాన్ అని ఉర్దూ మీద కోపం పెట్టుకోలేదు.

ఆ అమ్మాయి వాలిదాకు నేను చెప్పింది ఒకటే: రేపు ఇంకెవరైనా చూడ్డానికొస్తే పిల్లకు 'జీ నహీ' నేర్పించొద్దు. 'నక్కో' అంటే ఎవరి ముఖం మాడుతుందో మీరే చూసుకోండి.