ఎలుక మీద నెపం, నీళ్ల మీద మౌనం

వానాకాలంలో గూడెంలో నలుగురికి కళ్లు పచ్చబడితే చాలు, కింద నుంచి ఒక మాట వచ్చేస్తుంది: "వాళ్లు ఎలుకలు తింటారు, పందుల్ని తింటారు, రోగాలు రాకేం చేస్తాయి?" ఈ మాట మీరు హాస్టల్లో విన్నారు, బస్సులో విన్నారు. ఇప్పుడు దానికి సైన్సు తోడు దొరికింది: "ఎలుకల్లో హెపటైటిస్ ఈ వైరస్ ఉందంట!"

ఉంది. అబద్ధం కాదు. అందుకే కోపం తెచ్చుకునే ముందు విషయం మొత్తం తెలుసుకుందాం.

హెపటైటిస్ ఈ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పచ్చకామెర్లు తెస్తుంది. అందులో రకాలున్నాయి. 1, 2 రకాలు మనుషుల్లోనే ఉంటాయి, మలం కలిసిన నీళ్లతో వస్తాయి. 3, 4 రకాలు పందుల్లో, అడవి పందుల్లో, జింకల్లో కూడా ఉంటాయి, సరిగా ఉడకని మాంసంతో మనిషికి చేరతాయి. ఎలుకల్లో ఉండేది వీటికి దూరపు చుట్టం. 2010లో జర్మనీ ఎలుకల్లో దాన్ని గుర్తించారు. మనిషికి సోకిందని మొదట తేలింది 2018లో, హాంకాంగ్‌లో. ఆయన 56 ఏళ్ల మనిషి, కాలేయ మార్పిడి చేయించుకున్నాడు. ఉండేది అడవిలో కాదు, మహానగరంలో. ఎలా సోకిందో తేలలేదు గానీ, ఇంటి దగ్గర చెత్త పడేసే చోట ఎలుక పెంటికలు కనిపించాయి. 2003లో జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్నవాళ్లకు ఈ జబ్బు వచ్చింది. ఫ్రాన్స్‌లో పచ్చి పంది కాలేయపు సాసేజ్‌లతో వచ్చింది. వాళ్లను ఎవరైనా అనాగరికులు అన్నారా?

మరి మన దేశంలో? ఇక్కడ పందుల్లో దొరికింది ఎక్కువగా 4వ రకం. మనుషులకు కామెర్లు తెస్తున్నది 1వ రకం. అంటే మనల్ని పడగొట్టేది పళ్లెంలోది కాదు, బిందెలోది. 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. 2005లో హైదరాబాద్ పాతబస్తీలో కూడా మంచినీళ్లలో మురుగు కలిసే ఈ జబ్బు వ్యాపించింది. అక్కడ నిందపడ్డది పైపు మీద. మన దగ్గర నింద పడేది మన తిండి మీద!

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రోడ్డు లేని ఊరిలో ఆ అక్కను డోలీలో మోసేది మనమే. కాబట్టి గర్భిణి కళ్లు పచ్చబడితే పసరు మందుతో ఆగిపోవద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన వైపు నుంచి చేయాల్సినవి కూడా ఉన్నాయి. వరిచేలల్లో ఎలుకలు పట్టి రైతుల పంట కాపాడుతున్న యానాది అన్నల పని గౌరవమైన పని. ఎలుకైనా, అడవి పందైనా కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పేగులు, కాలేయం వాగులో పడేయొద్దు. మాంసం పైన కాలి లోపల పచ్చిగా ఉంటే తినొద్దు, బాగా ఉడకనివ్వండి. చెలమ నీళ్లు మరిగించి తాగండి.

ఇక అడగాల్సినవి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? కిట్ ఎక్కడుంది? ఆ సీసాలో నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాల్సిందే. ఫోటో తీసి పంచాయతీకి ఇవ్వండి, రసీదు తీసుకోండి. "అటవీ భూమి, పైపు వేయలేం" అంటే అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చూపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే మంచినీటి పైపు కోసం హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులోనే ఉంది.

జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తాం కదా. అందులో మొదటి మాట జల్. వచ్చే గ్రామసభలో ముందు నీళ్ల గురించే మాట్లాడండి.

జై ఆదివాసీ!