తొలి కథ పంచాయితీలో తప్పిపోయిన అచ్చమాంబ

భండారు అచ్చమాంబ ఎవరని తెలుగు సాహిత్యం చదివేవాళ్లని అడిగి చూడండి. "మొదటి తెలుగు కథ రాసింది" అంటారు. ఇంకాస్త చదివినవాళ్లు ‘ధనత్రయోదశి’ పేరు, 1902 అన్న సంవత్సరం, ‘హిందూసుందరి’ అన్న పత్రిక పేరు కూడా చెప్తారు. పక్కన గురజాడ అభిమాని ఒకరుంటే "నిజమే, కానీ..." అని అందుకుంటారు. ‘దిద్దుబాటు’ 1910లో వచ్చినా అసలైన ఆధునిక కథ అదే అంటారు. ఆ ‘కానీ’ దగ్గర రాజుకున్న గొడవ ఇప్పటికీ చల్లారలేదు. ఇందులో ఏ పక్షం నెగ్గినా ఓడిపోయేది అచ్చమాంబే అన్నది నా వాదన.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక ప్రాజెక్టులో ఫస్ట్ కమిట్ ఎవరిదన్నది మా దగ్గర ఎవరూ పట్టించుకోరు. తీసి చూస్తే అందులో చాలాసార్లు ఒక రీడ్‌మీ ఫైలు తప్ప ఏమీ ఉండదు. ఆ కోడ్ ఏం పని చేస్తుంది, దాని మీద ఇంకెవరు ఏం కట్టారు, ఎక్కడ విరుగుతుంది అని అడుగుతాం. అచ్చమాంబ విషయంలో మనం ఈ ప్రశ్నలేవీ అడగలేదు. తేదీ ఒక్కటి అడిగి ఊరుకున్నాం. తేదీ తేలిపోయాక ఆమెతో మనకి పనీ అయిపోయింది.

‘తొలి మహిళ’ అన్న బిరుదు చేసే అన్యాయం ఇదే. మార్చి 8న ఆఫీసుల్లో తిరిగే పోస్టర్లు చూస్తూనే ఉంటాం కదా. తొలి మహిళా పైలట్, తొలి మహిళా డాక్టర్, తొలి మహిళా ఫలానా. ఫొటో కింద ఒక లైను ఉంటుంది. ఆ లైను చదివాక ఆ మనిషి గురించి ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదన్న భావన కలుగుతుంది. బిరుదు ఇచ్చేశాం కదా, బాకీ తీరిపోయింది! మగ రచయితలకి ఈ గతి పట్టదు. గురజాడ దేంట్లో మొదటివాడో తెలియని పాఠకుడు కూడా గిరీశం గురించి గంటసేపు మాట్లాడగలడు. అచ్చమాంబ సృష్టించిన ఒక్క పాత్ర పేరైనా మనలో ఎంతమందికి గుర్తుంది?

సరే, అసలు ఆమె చేసిందేమిటి?

1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. ఆరేళ్లకే తండ్రి పోయాడు. పదేళ్లకి మేనమామ మాధవరావుతో పెళ్లి, ఆయనకి అది రెండో పెళ్లి. ఆయన ఉద్యోగం మధ్యపరగణాల్లో కాబట్టి ఆమె జీవితం తెలుగు నేలకి దూరంగా, నాగపూర్ వైపు గడిచింది. బడికి వెళ్లింది లేదు. పెళ్లయ్యాక ఇంట్లోనే చదవడం నేర్చుకుంది. తెలుగు, హిందీతో మొదలుపెట్టి మరాఠీ, గుజరాతీ, బెంగాలీ దాకా వెళ్లింది. పిల్లలు పుట్టి పోయారు. 1905 జనవరిలో తనూ పోయింది. అప్పటికి ఆమె వయసు ముప్పై.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ తప్పకుండా చేర్చే ఒక వాక్యం ఉంది: "తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమెకి చదువు నేర్పాడు." అబద్ధం కాదు, నేర్పాడు. కానీ ఆ తమ్ముడు పెరిగిందీ, చదువుకున్నదీ ఎవరి ఇంట్లో? అక్క ఇంట్లోనే. తర్వాత విజ్ఞానచంద్రికా మండలినీ, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్నీ తెలుగువాళ్లకి ఇచ్చిన మనిషి అక్క పెట్టిన అన్నం తింటూ చదువుకున్నాడు. ఆయన జీవితచరిత్రలో అక్క ‘ఆదరించిన అక్క’. ఆమె జీవితచరిత్రలో ఆయన ‘తీర్చిదిద్దిన గురువు’. ఒకే ఇంట్లో జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాన్ని మనం రెండు రకాల తూకంరాళ్లతో తూస్తున్నాం.

ఇక ఆమె అసలు పుస్తకం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ముప్పై మందికి పైగా స్త్రీల జీవితచరిత్రలు. 1901లో మొదలుపెట్టిన ఈ పనికి ఆమె వేసుకున్న ప్లాన్ చూడండి. మొదటి భాగంలో ఈ దేశ చరిత్రలోని స్త్రీలు, రెండో భాగంలో వేద పురాణాల స్త్రీలు, మూడో భాగంలో విదేశీ స్త్రీలు. పూర్తిచేయగలిగింది మొదటి భాగమే. ఆడవాళ్లు బలహీనులు, బుద్ధిలేనివాళ్లు అనే మాట అబద్ధమని రుజువు చేయడానికీ, చదువూ స్వేచ్ఛా ఇస్తే చెడిపోతారన్న వాదనని కొట్టేయడానికీ ఈ పుస్తకం రాస్తున్నానని పీఠికలో చెప్పుకుంది. అంటే ఇది నీతికథల పుస్తకం కాదు. సాక్ష్యాలు పోగేసి వేసిన దావా. ‘అబల’ అనే మాటనే పేరులో పెట్టి, ఆ మాట చెల్లదని పుస్తకం నిండా వాదించింది.

ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల వయసు. డిగ్రీ లేదు, యూనివర్సిటీ లైబ్రరీ లేదు. అలాంటి మనిషి నాలుగైదు భాషల్లో వెతికి, ఏరి, తెలుగులోకి తెచ్చిన సమాచారం అది. ఇప్పుడు మనం ‘ఆర్కైవ్’ అని గొప్పగా చెప్పుకుంటున్న పని అదే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ సంకలనం అచ్చమాంబని పరిచయం చేయడానికి ఎంచుకున్నది కూడా ఈ పుస్తకం నుంచే, ‘ఖనా’ చరిత్ర. అక్కడ ఆమె స్త్రీల చరిత్ర రాసిన మనిషి. మన దగ్గర కథల పోటీలో ఒక కంటెస్టెంట్!

ఎందుకిలా? తెలుగు విమర్శకి కథ మీద ఉన్న మోజు ఒక కారణం. మనకి కథే వచనానికి శిఖరం. ఏటా కథా సంకలనాలు వేసుకుంటాం, కథా వార్షికోత్సవాలు చేసుకుంటాం, కథకి వందేళ్లని పండగ చేసుకుంటాం. జీవితచరిత్ర, వ్యాసం, అనువాదం, ఉపన్యాసం అన్నీ కింది మెట్ల మీదివి. నూటపాతికేళ్ల కిందటి ఆడవాళ్లు ఎక్కువ పని చేసింది ఆ కింది మెట్ల మీదే. కాబట్టి అచ్చమాంబకి గౌరవం ఇవ్వాలంటే ముందు ఆమెని కథకురాలిగా నిరూపించాలి. ఆమె మీద ప్రేమతో వాదించేవాళ్లు కూడా ఈ షరతుకి ఒప్పుకునే బరిలోకి దిగారు. గీత గీసింది ఎవరని అడక్కుండా, గీతని ముందు దాటింది ఎవరని కొట్టుకుంటున్నాం.

ఆ పోటీ పెట్టిన రెండు కథల్ని కూడా మనం పక్కపక్కన పెట్టి చదవలేదు. ‘ధనత్రయోదశి’లో పేద గుమాస్తా యజమాని సొమ్ముకి ఆశపడతాడు. భార్య విజయలక్ష్మి అది తప్పని నిలదీస్తుంది. చివరికి నిజాయితీకి ఫలితం దక్కుతుంది. ‘దిద్దుబాటు’లో గోపాలరావు సానిపాటల మోజులో రాత్రిళ్లు ఇల్లు మరుస్తాడు. చదువుకున్న భార్య కమలిని అతన్ని దారిలో పెడుతుంది. రెండింట్లోనూ భార్యే భర్తని దిద్దుతోంది. మరి ఒకటి ‘నీతికథ’, ఇంకొకటి ‘ఆధునిక కథ’ ఎలా అయ్యాయి?

శిల్పం అంటారు. ఒప్పుకుంటాను. గురజాడ శిల్పం, భాష, హాస్యం ఇంకో స్థాయివి. ‘ధనత్రయోదశి’ ముగింపు సుళువుగా ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ ఇంకో తేడా ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. కమలిని కథలో చాలాసేపు మన కళ్లముందు ఉండదు. ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది, చివర్లో నవ్వుతుంది. ఆమె మాట కాగితం మీద ఉంది, మనిషి మంచం కింద ఉంది. విజయలక్ష్మి అలా కాదు, మొగుడి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. ఆ మాటల్లో ఉపన్యాసం ఎక్కువే. అయినా భర్తని దిద్దడానికి ఒక మగ రచయిత ఆడమనిషిని దాచాల్సి వచ్చింది, ఒక ఆడ రచయిత ఆమెని ఎదురుగా నిలబెట్టింది. దీని మీద ఎన్ని వ్యాసాలు రావాలి! 1902 పెద్దదా 1910 పెద్దదా అనే లెక్కలో ఈ ప్రశ్న కొట్టుకుపోయింది.

ఇప్పుడు రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం. "అచ్చమాంబని ఫెమినిస్టు అనడం అతి. ఆమె చెప్పింది పాతివ్రత్యమే కదా? మంచి ఇల్లాలు కావడానికే కదా చదువుకోమంది?" అంటారు. ఇది కొట్టేయదగ్గ మాట కాదు. పుస్తకం పేరులోనే ‘సచ్చరిత్ర’ ఉంది. అంటే ఎవరు ‘సత్’ అనే వడపోత ముందే జరిగింది. చదువు గురించి ఆమె మాట్లాడుతున్నది ప్రధానంగా పైకులాల ఇళ్లలోని ఆడవాళ్లతో. పొలంలో, వీధిలో పనిచేసే స్త్రీ ఆమె రత్నమాలలో రత్నం అయ్యే అవకాశం తక్కువ. ఆమెకి ఇరవై ఏళ్ల ముందే, 1882లో, మరాఠీలో తారాబాయి షిండే ‘స్త్రీ పురుష్ తులనా’లో పాతివ్రత్యం అనే లెక్కనే ఎత్తి పారేసింది. ఆ కోపం అచ్చమాంబలో లేదు.

ఇవన్నీ అనాలి, గట్టిగా అనాలి. కానీ మన పంచాయితీ ఇవి అననివ్వదు. ఆమె పక్షాన ఉన్నవాళ్లు విమర్శిస్తే ‘తొలి’ స్థానం బలహీనపడుతుందేమో అని వెనకాడతారు. అవతలి పక్షంవాళ్లు ఎలాగూ చదవరు. మధ్యలో ఆమె విగ్రహమై కూర్చుంది. విగ్రహానికి దండ వేయొచ్చు, లేదా పడగొట్టొచ్చు. దానితో పోట్లాడలేం. రచయితకి మనం ఇవ్వగలిగిన అసలు మర్యాద పోట్లాటే. గురజాడకి ఆ మర్యాద దక్కింది. మధురవాణి మీద వందేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నాం.

ఆమె రచయిత మాత్రమే అయినట్టు మాట్లాడటం ఇంకో పొరపాటు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తర్వాత ఆంధ్రదేశంలో ఊళ్లు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ఒక ఇల్లాలు పరాయి ఊరికి వెళ్లి, పరాయి ఇళ్ల ఆడవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి, చదువు గురించి మాట్లాడింది. ఈరోజు మన కాలనీలో పదిమందిని ఒక బుక్‌క్లబ్‌కి రప్పించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకి తెలుసు. పాతివ్రత్యం గురించే మాట్లాడుకున్నారని అనుకుందాం. అయినా ఆ ఆడవాళ్లు గడప దాటి వచ్చారు, ఒకరి ముందు ఒకరు నోరు విప్పారు. ఆ గదిలో జరిగింది ఆమె రాసినదానికంటే ముందుకి వెళ్లి ఉండొచ్చు. కథ తేదీని వెతికినంత శ్రద్ధగా ఈ సమాజాల ఆనవాళ్లు వెతికామా?

ఖనా దగ్గరికి మళ్లీ వద్దాం. బెంగాల్ జనం చెప్పుకునే కథలో ఖనా గొప్ప జ్యోతిష్కురాలు. మామగారి పాండిత్యాన్ని మించిపోయింది. ఆ అవమానానికి ఆమె నాలుక కోశారు. అయినా వానల గురించీ, విత్తనాల గురించీ ఆమె పేరుతో ఉన్న సామెతలు బెంగాలీ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖనా అనే మనిషి నిజంగా ఉందో లేదో కానీ, ఆమె మాట మాత్రం మిగిలింది. మన అచ్చమాంబ సంగతి దీనికి తలకిందులు. మనిషి నిజం, తేదీలు ఉన్నాయి, బిరుదు ఉంది. మాటే లేదు. ఎవరూ కత్తి పట్టుకోలేదు. అందరం గౌరవంగానే చేశాం ఈ పని.

"భాష అడ్డం, గ్రాంథికం చదవలేం" అనకండి. అర్థంకాని ఎర్రర్ మెసేజ్ కోసం అర్ధరాత్రి దాకా డాక్యుమెంటేషన్ తవ్వే తరం మనది. ‘చేసెను’, ‘పోయెను’ దగ్గర ఆగిపోతామంటే నేను నమ్మను. రెండు పేజీలు ఓపిక పడితే మూడో పేజీ నుంచి చెవికి అలవాటైపోతుంది.

అందుకే నా డిమాండ్ చిన్నది. కొన్నాళ్లు అచ్చమాంబ పేరు ముందు ‘తొలి’ తీసేద్దాం. సభల్లో, వ్యాసాల్లో, సోషల్ మీడియా పోస్టుల్లో ఆ మాట లేకుండా ఆమెని పరిచయం చేయడానికి ప్రయత్నించండి. అప్పుడు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఏం రాసింది, ఎవర్ని ఎంచుకుంది, ఎవర్ని వదిలేసింది, ఎందుకు? చెప్పడానికి ఏమీ దొరకలేదంటే మనం ఇన్నాళ్లూ ఆమె పేరు మీద వాదించామే తప్ప ఆమెని చదవలేదని తేలుతుంది. దొరికిందంటే, మొదటి కథ ఎవరిదన్న ప్రశ్న మీద ఆసక్తి దానంతటదే తగ్గిపోతుంది.

గురజాడకి ఒరిగేదీ పోయేదీ ఏమీ లేదు. ఆయన క్షేమంగానే ఉన్నాడు. చదవాల్సింది రత్నమాలని.