మరమ్మతు కూడా ఇల్మే

మన ఖాందాన్ గ్రూపుల్లో వాయేజర్ గురించి తిరిగే ఖబర్లు చూస్తే నవ్వొస్తుంది. కొంచెం గుస్సా కూడా వస్తుంది. ‘వాయేజర్‌కి ఎవరో ఎదురుపడ్డారట’, ‘సూర్యుడి ఇలాకా చివర మంటల గోడ ఉందట’, ‘అమెరికావాళ్లు దాస్తున్నారట’. (ఆ సరిహద్దులో కణాలు చాలా వేడిగా ఉన్న మాట నిజమే. కానీ అవి ఎంత పలుచగా ఉంటాయంటే దేన్నీ కాల్చలేవు. గోడా లేదు, గీడా లేదు.) ఇవి పంపే చాచాలకు, ఖాలాలకు నాదొక్క సవాల్. దాదాపు యాభై ఏళ్ల కిందటి ఆ యంత్రం అసలు ఇంకా ఎలా పనిచేస్తోందని ఎవరైనా అడిగారా? నా నజర్‌లో అసలు అజూబా అదే.

1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 బయల్దేరాయి. గురుడు, శని మీద నజర్ పెట్టి చేసిన యంత్రాలు. రెండోది యురేనస్, నెప్ట్యూన్ దాకా వెళ్లింది. అక్కడితో ‘ఖతం’ అనేస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ మొదటిది 2012లో, రెండోది 2018లో సూర్యుడి గాలి ఆగిపోయే హద్దు దాటాయి. ఆ హద్దుకు అవతల, నక్షత్రాల మధ్య మైదానంలో నిలబడి అక్కడి హాల్ చెప్పగలిగిన యంత్రాలు మనుషులకు ఈ రెండే ఉన్నాయి. ‘ఏం ఫాయిదా? పాతదాని మీద ఖర్చెందుకు?’ అనేవాళ్లకు నా జవాబు ఇంతే: ఇప్పుడు కొత్తది పంపినా అక్కడికి చేరేసరికి ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఉండరు.

ఇక వీటి జిందగీ ఎలా నడుస్తోందో వినండి. ప్లుటోనియం వేడి నుంచి కరెంటు తీస్తారు. బయల్దేరినప్పుడు ఒక్కోదానికి సుమారు 470 వాట్లు ఉండేది. ఏటా దాదాపు 4 వాట్లు తగ్గుతోంది. ఆమ్దనీ ఏడాదికేడాది తగ్గే ఇంట్లో అమ్మీ ఎలా హిసాబ్ చూసుకుంటుందో, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఇంజనీర్లు అలా చూసుకుంటున్నారు. ముందు కెమెరాలు ఆపారు. తర్వాత పరికరాలను వెచ్చగా ఉంచే హీటర్లు ఆపారు. హీటర్ పోయినా కొన్ని పరికరాలు ఆ చలిలో పనిచేస్తూనే ఉన్నాయి. ఒక్కోదానిలో పది పరికరాలుండగా 2025 మార్చి నాటికి చెరి మూడు మిగిలాయి. ఏది ఆపాలన్న ఫైసలా తేలిక కాదు. ఒక్కో పరికరం వెనక దాని మీదే ఉమర్ అంతా గడిపిన శాస్త్రవేత్తలుంటారు.

నాకు ఎక్కువగా నచ్చే కిస్సా 2023 నవంబరుది. వాయేజర్-1 నుంచి సిగ్నల్ వస్తోంది గానీ అందులో మతలబు లేదు. ఒకట్లు, సున్నాలు ఒకే తీరులో తిరిగి తిరిగి వస్తున్నాయి. మాటలు పోయి మూలుగు మిగిలిన మరీజ్ లాగా. యంత్రమేమో 24 వందల కోట్ల కిలోమీటర్ల అవతల. సవాల్ వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే. ముందు పెట్టుకుని పరీక్షించుకోడానికి అచ్చం అలాంటి కంప్యూటర్ ఇక్కడ మరొకటి లేదు. డిజైన్ చేసినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవల్లా కొన్ని దశాబ్దాల నాటి కాగితాలు. ఇలాంటి బీమారీ వస్తుందని ఆ కాగితాలు రాసినవాళ్లు ఊహించలేదు.

నాలుగు నెలలు తడుముకున్నారు. 2024 మార్చి 1న ఒక చిన్న ఆదేశం పంపారు, నిద్రపోయేవాణ్ణి వేలితో పొడిచినట్టు. తిరిగొచ్చిన సిగ్నల్ కాస్త వేరుగా ఉంది. దాన్ని విప్పి చూస్తే ఆ కంప్యూటర్ మెమరీ మొత్తం అందులో ఉంది! వెనకటి నకలుతో పోల్చి చూశారు. మెమరీలో సుమారు 3 శాతం పాడైంది. ఒక్క చిప్ మరణించింది. దాన్ని మార్చడానికి ఎవరు వెళ్తారు? అందులో ఉండాల్సిన కోడ్‌ను వేరే చోట పెడదామంటే, మొత్తం పట్టే ఖాళీ జాగా ఎక్కడా లేదు. అప్పుడు వాళ్లు కోడ్‌ను ముక్కలు చేసి, ఎక్కడ ఎంత సందు దొరికితే అక్కడ అంత సర్దారు. ఆ ముక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసి నడిచేలా చిరునామాలన్నీ తిరగరాశారు. ఏప్రిల్ 18న పంపారు. 20న జవాబొచ్చింది, తన ఆరోగ్యం ఎలా ఉందో అది మళ్లీ సాఫ్‌గా చెప్పింది. జూన్ నాటికి నాలుగు పరికరాలూ సమాచారం పంపడం మొదలుపెట్టాయి.

చిన్న ఇంట్లోకి పెళ్లికి చుట్టాలు దిగితే ఎవరి పడక ఎక్కడో సర్దడం మనకు తెలిసిన హునరే. కాకపోతే ఇక్కడ ఒక్కరిని తప్పు గదిలో పడుకోబెట్టినా రాత్రంతా గడబిడే.

2025 మార్చిలో చేసిన పని ఇంకా ఖతర్నాక్. వాయేజర్-1 తన యాంటెన్నాను భూమి వైపు నిలిపి ఉంచడానికి చిన్న థ్రస్టర్లు వాడుతుంది. అసలు జతలోని హీటర్లు 2004లో పనిచేయడం ఆగిపోతే, ‘ఇవి పోయాయి’ అని వదిలేసి రెండో జత మీద నడిపారు. ఇప్పుడు రెండో జత గొట్టాలు మడ్డి పట్టి మూసుకుపోతున్నాయి. పైగా వీటికి ఆదేశాలు పంపే ఆస్ట్రేలియాలోని పెద్ద యాంటెన్నాను మరమ్మతు కోసం మే నెల నుంచి చాలా కాలం ఆపబోతున్నారు. వక్త్ లేదు. అప్పుడు ఎవరికో ఖయాల్ వచ్చింది: ఇరవై ఏళ్ల కింద హీటర్లు నిజంగా కాలిపోకుండా, ఏదో గడబిడలో స్విచ్ మాత్రం తప్పు వైపు తిరిగి ఉంటే? గురి తప్పి, హీటర్లు వేడెక్కక ముందే థ్రస్టర్లు వాటంతటవే పేలిస్తే, చిన్నపాటి విస్ఫోటనం జరగొచ్చు. ఆ ఖతరా తెలిసే ఆదేశం పంపారు. ఆదేశం వెళ్లడానికి ఇరవై మూడు గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే, ఎదురుచూశారు. మార్చి 20న జవాబు వచ్చింది. ఇరవై నిమిషాల్లో హీటర్ల వేడి సర్రున పెరగడం కనిపించింది. రెండు దశాబ్దాలుగా ‘మరణించినవి’ బతికే ఉన్నాయి!

ఈ పనిని మన భాషలో ఏమంటారు? మరమ్మతు. మెకానిక్ పని. సంబంధాలు చూసేటప్పుడు ‘లడ్కా ఏం చేస్తాడు’ అని అడిగి, ‘సాఫ్ట్‌వేర్’ అంటే షర్బత్ తెప్పిస్తాం. ‘మెకానిక్’ అంటే ముఖం చిన్నది చేసుకుంటాం. విప్పి చూడకుండా, చప్పుడు విని బీమారీ పట్టే ఉస్తాద్‌లు మన గల్లీల్లో ఎంతమంది లేరు? గడియారాలు, రేడియోలు, మోటార్లు, కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్లు. వాళ్ల పనికీ వాయేజర్ పనికీ స్థాయిలో ఫరక్ ఉంది, కాదనను. కానీ ఆలోచించే తరీఖా ఒక్కటే. ఉన్నదాంతోనే, కొత్త సామాను రాదన్న యఖీన్‌తో, ఏది పోయింది, ఏది పోలేదు అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ రావడం. దాన్ని ‘చదువు లేని పని’ అనేవాళ్లతో నాకు ఎప్పటికీ కుదరదు.

ఆ ఉస్తాద్‌లతోనూ నాకు ఒక శికాయత్ ఉంది. కాగితం మీద ఏదీ పెట్టరు. ‘చూసి నేర్చుకో బేటా’ అంటారు. షాగిర్ద్ వేరే పనికి పోతే ఆ హునర్ వాళ్లతోనే మట్టిలోకి పోతుంది. వాయేజర్‌కు ఎడ్ స్టోన్ అనే పెద్దాయన 1972 నుంచి 2022 దాకా, యాభై ఏళ్లు, ముఖ్య శాస్త్రవేత్తగా ఉన్నారు. 2024లో కాలం చేశారు. అంత ఉమర్ ఒక్క పని మీద పెట్టిన బుజుర్గులు దొరకడమే నసీబ్, అయినా మనుషుల యాద్‌ల మీదే ఆధారపడి ఉంటే ఆ చిప్ ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. పాత కాగితాలే కాపాడాయి. ఇంట్లో అబ్బాకో, మామూకో ఏదైనా హునర్ ఉంటే, చేతిలో ఫోన్ ఉన్న పిల్లలు పక్కన కూర్చుని వీడియో తీయండి, రాసుకోండి. మంటల గోడ ఫార్వర్డ్ చేసే వక్త్‌లో అయిపోయే పని.

పిల్లలకు ఇంకో మాట చెప్పండి, ఖుష్ అవుతారు. వాయేజర్లలో బంగారు పూత పూసిన రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది, ఉర్దూ కూడా ఉంది. ఉర్దూలో మొదటి మాట సలామే. మనం ఇంట్లో మాట్లాడే రెండు జుబాన్‌లూ మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్నదాంట్లో ఉన్నాయి.

2026 నవంబరులో వాయేజర్-1 భూమికి ఒక కాంతి దినం దూరం చేరుతుంది. అంటే సోమవారం పొద్దున ఇక్కడి నుంచి హాల్‌చాల్ అడిగితే అది మంగళవారం పొద్దున వింటుంది. జవాబు బుధవారం పొద్దున వస్తుంది.