పట్టా మనదైంది, పడ్డ వాన ఎటు పోతున్నది?

జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తున్నం. పట్టా అడుగుతున్నం, బోరు అడుగుతున్నం. అడగాల్సిందే. కానీ మన చేన్ల మీద పడ్డ వాన ఎటు పోతున్నదో మాత్రం అడుగుతలేం.

ఎకరం చేను మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. అందులో ఎన్ని మన భూమిలోకి దిగినయి?

మెదక్ చుట్టుపక్కల ఎర్ర చెల్కలు చూడండి. దున్ని ఖాళీగా వదిలిన చెల్క మీద పెద్ద చినుకులు పడితే మట్టి చెదిరి, సన్న రేణువులు నీళ్లు దిగే సందులను మూసేస్తయి. పైన పెచ్చు కడుతది. ఇక నీళ్లు పైపైనే పారి మట్టిని కూడా ఎత్తుకపోతయి. పంటో, గడ్డో, కొయ్యకాళ్లో ఉంటే చినుకు దెబ్బ వాటి మీద పడుతది. పాత వేర్లు, వానపాములు, చెదలు చేసిన దారుల్లో నీళ్లు లోపలికి పోతయి.

నల్లరేగడిలో కూడా ఇది తేలింది. అప్పుడు మెదక్ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి రెండు పద్ధతులను పక్కపక్కనే పెట్టి చూసిన్రు. ఒకదాంట్ల వానకాలం పడావు, యాసంగి పంట. ఇంకోదాంట్ల ఎత్తు మడులు, నడుమ కాలువలు, వానకాలం నుంచే జొన్న, కంది లాంటి పంటలు. పడావు పెట్టిన చోట హెక్టారుకు ఏడాదికి సుమారు 6 టన్నుల మట్టి కొట్టుకపోయింది, రెండో చోట 2 టన్నుల లోపే. గింజలు ఒక టన్నుకు బదులు ఐదు టన్నులు. మంచి విత్తనం, ఎరువు కూడా తోడైనయి, నిజమే. కానీ వానను నిలుపకుంటే అవి ఒక్కటే ఏం చేస్తయి?

"పోడు వల్లనే నీళ్లు పోతున్నయి" అనేటోళ్లకు మన జవాబు ఇదే. ఆకులు పరిచిన అడవి నేల లెక్క నీళ్లు తాగే నేల ఇంకోటి లేదు, అది మనకు తెలుసు. అడవి కొట్టిన వాలు నేల నీళ్లు పోగొట్టుకుంటది, అదీ ఒప్పుకుందాం. కానీ వానకాలంలో బట్టతల లెక్క ఉన్న చేను ఎవరిదైనా పోగొట్టుకుంటది. తప్పు దున్నిన చేతులది కాదు, ఖాళీగా వదిలిన నేలది.

2025 మేలో సర్కారు ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. అటవీ హక్కుల పట్టా భూములకు బోరు, సోలార్ పంపు ఇస్తమన్నది. మంచిదే. కానీ మన కింద ఉన్నది గట్టి రాయి. దాని పైపొరలో, పగుళ్లలో ఉన్నవే నీళ్లు. పైనుంచి వాన దిగకుంటే బోరు ఎన్నేండ్లు పోస్తది?

అందుకే బోరుతో పాటు గట్లు, వాలుకు అడ్డంగా కందకాలు, నీటి కుంట కూడా మంజూరు చేయాలని గ్రామసభలో అడగండి. మన వంతుగా వాలుకు అడ్డం దున్నుదాం, జొన్నలో కంది వేద్దాం, కొయ్యకాళ్లు కాల్చొద్దు.

తమ్ముడూ, చెల్లే, మొదటి పెద్ద వాన తెల్లారి గడ్డపార పట్టుకొని పో. ఖాళీ చేన్ల ఒక గుంత, గడ్డి ఉన్నకాడ ఒక గుంత తవ్వు. తడి ఎంత లోతు దిగిందో జానలతో కొలువు. ఆ లెక్క రాసుకొని గ్రామసభకు రా.