గీతలన్నీ ఒకటేనా?

2004లో బ్రిటన్‌లో మొదలై, స్వచ్ఛంద శ్రమతో పెరిగిన ప్రజల పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో దేశాల సరిహద్దుకు ‘అడ్మిన్ లెవెల్ 2’ గుర్తు. ఎల్లలన్నిటికీ ఈ ఒక్క గుర్తే చాలునని, అదే ఏకరూపత అని కొందరు మిత్రుల వాదం. విశాఖ రేవు ఎరిగిన నేను దీన్ని ఒప్పుకోలేను.

మన తీరపు ఆధారరేఖకు 12 నాటికల్ మైళ్ల దూరాన ఉన్న గీత 1976 చట్టం నిర్ణయించిన ప్రాదేశిక జలాల హద్దు. దాని ఆవల పరాయి దేశం లేదు. వాఘా దగ్గరి గీతకు అటూ ఇటూ రెండు దేశాలున్నాయి. సర్ క్రీక్ నుంచి సముద్రంలోకి సాగే గీతపై భారత్, పాకిస్తాన్ నేటికీ ఒప్పందానికి రాలేదు. ఈ మూడూ ఒకటేనా?

2018లో గుజరాత్ పడవల్లో కూలికి పోయిన ఉత్తరాంధ్ర జాలర్లు హద్దు దాటారన్న ఆరోపణపై పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. ఒప్పుకున్న గీతనూ ఒప్పుకోని గీతనూ ఒకేలా చూపే పటం ఇలాంటి శ్రమజీవినే మోసగిస్తుంది.

‘మారిటైమ్’, ‘డిస్ప్యూటెడ్’ అనే ట్యాగులు ఉండనే ఉన్నాయి. ఒకచోట పెట్టి మరోచోట మానెయ్యడమే అసలు అరాచకం. పటం గీసే విద్యార్థులారా, ప్రతి గీతనూ ఒకే ప్రశ్న అడగండి: నిన్నెవరు గీశారు, ఎవరొప్పుకున్నారు? జవాబును పటంపైనే రాయండి. ఏకరూపత అదే.